కొత్త కంప్యూటర్ ఎందుకు లేవలేదు? తొమ్మిది పిన్నుల పాఠం

జనవరి నెల, ఆదివారం. రాజమండ్రిలో ఎక్కిన కోరమాండల్ ఎక్స్‌ప్రెస్ మర్నాడు నన్ను షాలిమార్‌లో దింపింది. కోల్‌కతాకు ఎదురుగా, హుగ్లీ నది పడమటి ఒడ్డున, హౌరా వైపు ఉంటుందీ స్టేషను. అక్కడికి దగ్గర్లోనే మా అక్కావాళ్ల ఇల్లు. బావగారి తాతగారు బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే రోజుల్లో శ్రీకాకుళం నుంచి ఖరగ్‌పూర్ వర్క్‌షాపుకు వచ్చారు. మూడు తరాలుగా రైల్వే ఉద్యోగమే. వీధిలో బెంగాలీ, ఇంట్లో తెలుగు.

గుమ్మంలో అడుగుపెట్టేసరికి ఇంట్లో ఎవరూ ఎవరితోనూ మాట్లాడటం లేదు. మా మేనల్లుడు ఇంజనీరింగ్ మొదటి సంవత్సరం చదువుతున్నాడు. చాందినీ చౌక్ మార్కెట్లో వారం రోజులు తిరిగి ప్రాసెసర్, మదర్‌బోర్డు, ర్యామ్, ఎస్ఎస్‌డీ, ఎస్ఎంపీఎస్, క్యాబినెట్ విడివిడిగా కొన్నాడు. రాత్రంతా కూర్చుని బిగించాడు. తెల్లవారుజామున బటన్ నొక్కితే ఏమీ జరగలేదు. ఫ్యాను తిరగలేదు, దీపం వెలగలేదు.

"బోర్డు కాలిపోయినట్టుంది మామయ్యా. ప్యాకెట్ విప్పిన సరుకు వెనక్కి తీసుకోం అన్నారు" అన్నాడు, కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"అసెంబుల్ చేసిందే కొనుక్కోరా అంటే విన్నాడా? ఆ డబ్బు ఎలా కూడబెట్టానో నాకు తెలుసు" అన్నారు బావగారు పేపరు లోంచి తల ఎత్తకుండానే.

నేను సంచీ పక్కన పెట్టి క్యాబినెట్ పక్క పలక తీయించాను. పెద్ద తీగలన్నీ సరిగ్గానే కూర్చున్నాయి. బోర్డు కింది అంచున మాత్రం, టార్చి వేస్తే తప్ప కనబడని చోట, నాలుగైదు సన్నని తీగలు చిందరవందరగా ఉన్నాయి. మొదటిసారి కంప్యూటర్ బిగించేవారిలో చాలామంది తడబడేది ఇక్కడే. కంప్యూటర్ లేవకపోతే బోర్డు కాలిపోయిందని అనుకునే ముందు చూడాల్సిందీ ఇక్కడే.

తప్పును ఆపే ఆకారాలు

మదర్‌బోర్డు మీదున్న కనెక్టర్లను ఒకసారి వరుసగా చూడండి. ఎస్ఎంపీఎస్ నుంచి వచ్చే పెద్ద కనెక్టరుకు 24 గదులుంటాయి. వాటిలో కొన్ని చదరంగా, కొన్ని మూలలు కోసినట్టుగా ఉంటాయి. తిరగేసి పెట్టబోతే దూరదు. ప్రాసెసర్‌కు కరెంటు ఇచ్చే కనెక్టరూ అంతే. ర్యామ్ కర్రకు ఒక చోట గాటు ఉంటుంది. ఆ గాటు నడిమధ్యలో ఉండదు, కాస్త పక్కకు ఉంటుంది. అందుకే ర్యామ్‌ను ఒక్క వైపుగానే పెట్టగలం.

ఇదంతా ఎందుకంటే, ఆ చోట్ల పొరపాటు జరిగితే నష్టం పెద్దది. 12 వోల్టులు వెళ్లవలసిన చోటికి వెళ్లకుండా 3.3 వోల్టుల చోటికి వెళితే చిప్ తట్టుకోలేదు. మనిషి పొరబడతాడని ముందే ఊహించి, ఆ పొరపాటు జరిగే వీలే లేకుండా ఆకారాన్ని తయారుచేశారు. తాళంచెవి పళ్ల వరసలాంటిదే ఇది.

ఇక బోర్డు కింది అంచుకు రండి. అక్కడ రెండు వరుసల్లో పది పిన్నులు ఉండాల్సిన చోట తొమ్మిదే ఉంటాయి. దీన్ని ఫ్రంట్ ప్యానెల్ హెడర్ అంటారు. క్యాబినెట్ ముందు భాగంలోని పవర్ బటన్, రీసెట్ బటన్, పవర్ దీపం, డిస్క్ దీపం, ఈ నాలుగింటి తీగలూ ఇక్కడికే చేరాలి. వాటి ప్లగ్గులు గోరంత ఉంటాయి, ఎటు తిప్పినా దూరతాయి, ఏ జత పిన్నుల మీదైనా కూర్చుంటాయి. తప్పును ఆపే ఆకారం ఇక్కడ లేదు.

దీనికి రెండు కారణాలు. ఒకటి, క్యాబినెట్ చేసే కంపెనీ వేరు, బోర్డు చేసే కంపెనీ వేరు. పిన్నుల వరుస కొన్ని బోర్డుల్లో తేడాగా ఉంటుంది కాబట్టి, క్యాబినెట్ వాళ్లు తీగలను విడివిడి ప్లగ్గులుగా వదిలేస్తారు. రెండోది, ఈ నాలుగు తీగల్లో నడిచే కరెంటు చాలా తక్కువ. ఇక్కడ జరిగే పొరపాట్లలో ఎక్కువ వాటికి ఫలితం ఒక్కటే: పని జరగదు, కానీ ఏదీ కాలదు. నష్టం తక్కువైన చోట కాపలా కూడా తక్కువే. ఇది తెలిస్తే సగం భయం పోతుంది.

బటన్ నిజంగా ఏం చేస్తుంది?

పవర్ బటన్ నొక్కితే దాని గుండా కంప్యూటర్‌కు కరెంటు వెళుతుందని చాలామంది అనుకుంటారు. పాత రోజుల్లో అది నిజమే. 1995కు ముందటి 'ఏటీ' నమూనా క్యాబినెట్లలో ముందున్న స్విచ్ దాకా గోడ సాకెట్ నుంచి 230 వోల్టులు నేరుగా వచ్చేవి. 1995లో ఇంటెల్ తెచ్చిన 'ఏటీఎక్స్' నమూనా ఈ పద్ధతిని మార్చింది.

ఇప్పటి పవర్ బటన్ కాలింగ్ బెల్ బటన్ లాంటిది. నొక్కినంత సేపు రెండు తీగలను కలుపుతుంది, వదలగానే విడదీస్తుంది. అంతకు మించి దానికేమీ తెలియదు. అసలు పని బోర్డుది. గోడ స్విచ్ వేసి ఉన్నంతసేపూ, కంప్యూటర్ ఆగి ఉన్నప్పుడు కూడా, ఎస్ఎంపీఎస్ ఒక ఊదారంగు తీగ ద్వారా బోర్డుకు 5 వోల్టులు పంపుతూనే ఉంటుంది. ఇంట్లో అందరూ పడుకున్నా గేటు దగ్గర మేలుకుని ఉండే కాపలాదారు లాంటిది ఈ 5 వోల్టుల సరఫరా. పవర్ బటన్ పిన్నుల్లో ఒకదాని మీద ఆ సరఫరా నుంచే వచ్చే చిన్న వోల్టేజి ఉంటుంది, రెండోది గ్రౌండ్. బటన్ నొక్కగానే రెండూ కలిసి ఆ వోల్టేజి పడిపోతుంది. బోర్డు మీది చిప్ అది గమనించి ఎస్ఎంపీఎస్‌కు వెళ్లే ఆకుపచ్చ తీగను గ్రౌండ్‌కు దింపుతుంది. అప్పుడు 12, 5, 3.3 వోల్టుల అసలు సరఫరా మొదలవుతుంది. బటన్‌ను నాలుగైదు సెకన్లు నొక్కి పట్టుకుంటే కంప్యూటర్ ఆగిపోయేది కూడా ఈ ఏర్పాటు వల్లే.

దీన్నిబట్టి రెండు విషయాలు తేలుతాయి. బటన్ తీగలకు ప్లస్, మైనస్ లేవు. ఎటు తిప్పి పెట్టినా పనిచేస్తాయి. రెండోది ఆ రోజు మాకు అక్కరకొచ్చింది: బటన్ లేకుండానే కంప్యూటర్‌ను లేపవచ్చు.

"మాన్యువల్ తియ్యరా" అన్నాను. ప్లాస్టిక్ సంచీ కూడా విప్పని మాన్యువల్ అట్టపెట్టె అడుగున దొరికింది. అందులో హెడర్ బొమ్మ ఉంది. గోడ స్విచ్ ఆపి, ఫ్రంట్ ప్యానెల్ ప్లగ్గులన్నీ పీకించాను. పవర్ బటన్‌కు కేటాయించిన రెండు పిన్నులు ఏవో బొమ్మలో చూసి, బోర్డు మీద వేలితో చూపించమన్నాను. రెండుసార్లు సరిచూసుకున్నాక గోడ స్విచ్ వేసి, స్క్రూడ్రైవర్ కొసను ఆ రెండు పిన్నులకు మాత్రమే ఒక్క క్షణం తాకించాను.

ప్రాసెసర్ మీది ఫ్యాను తిరిగింది.

వాడు కాసేపు ఏమీ అనలేదు. బావగారు పేపరు కింద పెట్టారు. బోర్డు బతికే ఉంది.

తప్పు ఎక్కడ జరిగింది?

పీకిన ప్లగ్గులను పరిశీలిస్తే సంగతి తెలిసిపోయింది. బోర్డు మీద 'పవర్' అన్న అర్థం వచ్చే అక్షరాలు రెండు చోట్ల ఉన్నాయి. ఒకటి పవర్ బటన్‌కు, రెండోది పవర్ దీపానికి. వాడు 'పవర్ ఎస్‌డబ్ల్యూ' అని రాసి ఉన్న ప్లగ్గును దీపం పిన్నుల మీద పెట్టాడు. ఎస్‌డబ్ల్యూ అంటే స్విచ్ అని వాడికి తట్టలేదు. దీపాల ప్లగ్గులు మిగిలిపోతే, ముందు లేవనీ, తర్వాత పెడదాం అనుకున్నాడు. బటన్ నొక్కిన ప్రతిసారీ దీపం పిన్నులు రెండూ కలిశాయి. ఆ పిన్నుకు ముందు బోర్డు మీదే ఒక రెసిస్టర్ ఉంటుంది కనుక నష్టం జరగలేదు. కంప్యూటర్ లేవమన్న కబురు మాత్రం బోర్డుకు అందలేదు.

ఎక్కువ బోర్డులు అనుసరించే వరుస ఇది. ఖాళీ మూల మీకు కుడివైపు పైన ఉండేలా చూడండి. పై వరుసలో ఎడమ నుంచి మొదటి రెండూ పవర్ దీపానివి, ముందు ప్లస్, తర్వాత మైనస్. వాటి పక్కనున్న రెండూ పవర్ బటన్‌వి. ఆ పక్కన ఖాళీ. కింది వరుసలో మొదటి రెండూ డిస్క్ దీపానివి, ఇక్కడా ముందు ప్లస్. తర్వాతి రెండూ రీసెట్ బటన్‌వి. చివర ఒక పిన్ను ఒంటరిగా మిగులుతుంది. కొన్ని బోర్డుల్లో ఆ ఒంటరి పిన్ను మీద 5 వోల్టులు ఉంటాయి. అందుకే ప్లగ్గు ఒక పిన్ను పక్కకు జరిగి కూర్చోలేదని చూసుకోవాలి. వరుస వేరుగా ఉన్న బోర్డులూ ఉన్నాయి కాబట్టి మీ బోర్డు మాన్యువల్ మాటే చివరి మాట.

దీపం ఒక వైపే ఎందుకు వెలుగుతుంది?

పవర్ బటన్ ప్లగ్గు సరైన చోట పెట్టాం. ఈసారి బటన్‌తోనే కంప్యూటర్ లేచింది. దీపాల ప్లగ్గులూ పెట్టాం. డిస్క్ దీపం మిణుకుమంది, పవర్ దీపం మాత్రం వెలగలేదు. కంప్యూటర్ ఆపి, ఆ ప్లగ్గును తిప్పి పెడితే వెలిగింది.

బటన్‌కు లేని పట్టింపు దీపానికి ఎందుకు? ఆ దీపం పాతకాలపు బల్బు కాదు, ఎల్ఈడీ. అది డయోడ్ జాతికి చెందింది. రెండు రకాల అర్ధవాహక పదార్థాలు కలిసే హద్దు దానిలో ఉంటుంది. ఒక వైపు ఎలక్ట్రాన్లు ఎక్కువ, రెండో వైపు ఎలక్ట్రాన్లు ఉండాల్సిన ఖాళీలు ఎక్కువ. కరెంటు సరైన దిశలో ఇస్తే ఎలక్ట్రాన్లు హద్దు దాటి ఖాళీల్లో పడతాయి, ఆ పడటంలో విడుదలయ్యే శక్తే వెలుగు. ఎదురు దిశలో ఇస్తే రెండూ హద్దు నుంచి దూరంగా జరుగుతాయి, దారి మూసుకుపోతుంది. ప్లగ్గు తిరగబడితే దీపం వెలగకపోవడం ఇందుకే. సాధారణంగా దానికి ఏ హానీ జరగదు, తిప్పి పెడితే సరిపోతుంది. ప్లగ్గు మీద చిన్న త్రికోణం గుర్తు ఉంటే అది ప్లస్ వైపు. గుర్తు లేకపోతే రంగు తీగ ప్లస్, తెలుపు లేదా నలుపు తీగ మైనస్ అని ఎక్కువగా పాటిస్తారు.

మా మేనల్లుడికి ఇది చెబుతూ కిటికీ బయటికి చూపించాను. షాలిమార్ నుంచి కాస్త దూరం వెళితే శిబ్‌పూర్‌లో ఆచార్య జగదీశ్ చంద్ర బోస్ భారత వృక్షశాస్త్ర ఉద్యానం వస్తుంది. అక్కడి మహా మర్రిచెట్టును చూడటానికి వాడు చిన్నప్పటి నుంచీ వెళుతూనే ఉన్నాడు. మొక్కల మీద పరిశోధనలకు పేరుపొందిన బోస్, అంతకుముందు కోల్‌కతాలో రేడియో తరంగాల మీద పనిచేశారు. సీసపు ఖనిజమైన గెలీనా స్ఫటికంతో ఆ తరంగాలను పసిగట్టే సాధనం తయారుచేశారు. దానికి 1904లో అమెరికా పేటెంటు లభించింది. అర్ధవాహకంతో చేసిన సాధనానికి లభించిన తొలి పేటెంట్లలో అదొకటి. క్యాబినెట్ ముందు వెలిగే ఆ చిన్న దీపం ఆ వంశంలోదే.

తొందరపడకూడని చోట్లు

బటన్లు, దీపాల దగ్గర తప్పు జరిగితే మళ్లీ సరిచేసుకోవచ్చు. క్యాబినెట్ నుంచి వచ్చే మిగతా తీగల సంగతి వేరు.

ముందువైపు యూఎస్‌బీ 2.0 సాకెట్ల తీగ కూడా తొమ్మిది పిన్నుల హెడర్‌కే వెళుతుంది. కానీ ఇందులో 5 వోల్టుల సరఫరా ఉంది. ప్రమాణం ప్రకారం ఒక్కో సాకెట్ 500 మిల్లీఆంపియర్ల దాకా ఇవ్వగలదు. అందుకే ఇక్కడ కాపలా ఉంది: చివరి జతలో ఒక పిన్ను ఉండదు, ప్లగ్గులో సరిగ్గా ఆ రంధ్రం మూసి ఉంటుంది. ముందువైపు ఆడియో హెడర్‌కూ తొమ్మిది పిన్నులే. అందులో లేని పిన్ను మాత్రం చివరి జతలోది కాదు, దానికి ముందు జతలోది. అందువల్ల ఆడియో ప్లగ్గు యూఎస్‌బీ మీద, యూఎస్‌బీ ప్లగ్గు ఆడియో మీద కూర్చోవు. దూరకపోతే బలం ఉపయోగించవద్దు. అది వేరే హెడర్ అని అర్థం. పాత బోర్డుల్లో ఫైర్‌వైర్ అనే మరో హెడర్ ఉండేది. ఆకారం యూఎస్‌బీ లాంటిదే, అందులో ఉండేది మాత్రం 12 వోల్టులు. పొరపాటున దానికి యూఎస్‌బీ తీగ తగిలించి పెన్‌డ్రైవ్‌లు పోగొట్టుకున్నవారున్నారు.

యూఎస్‌బీ 3.0 తీగ లావుగా, బిరుసుగా ఉంటుంది. దాని హెడర్‌కు 19 పిన్నులు, చుట్టూ ప్లాస్టిక్ గోడ, గోడకు ఒక గాటు. ఈ పిన్నులు సన్ననివి. ప్లగ్గును పక్కకు వంచి లాగితే వంగిపోతాయి. పెట్టేటప్పుడూ తీసేటప్పుడూ నిటారుగానే పట్టుకోవాలి. ఆ తీగ అంత లావుగా ఉండటానికి కారణం వేగం. సెకనుకు 500 కోట్ల బిట్లు పోవాలంటే, ఒక్కో సంకేతాన్ని రెండు తీగల జతగా, ఒకదానిలో ఉన్నదానికి రెండోదానిలో వ్యతిరేకంగా పంపుతారు. బయటి అలజడి రెండు తీగల మీదా ఒకేలా పడుతుంది. అవతలి చివర రెంటికీ ఉన్న తేడాను మాత్రమే చదువుతారు కాబట్టి అలజడి దానంతటదే కొట్టుకుపోతుంది. బటన్ తీగలకు ఈ ఏర్పాటేమీ అక్కర్లేదు. కలిసిందా లేదా అన్నదొక్కటే వాటి కబురు.

క్యాబినెట్ ఫ్యాన్ల తీగలకు మూడు లేదా నాలుగు పిన్నులు ఉంటాయి. గ్రౌండ్ ఒకటి, 12 వోల్టులు ఒకటి, ఫ్యాను ఎంత వేగంతో తిరుగుతోందో బోర్డుకు చెప్పేది మూడోది. సాధారణంగా ఒక్కో చుట్టుకు రెండు సంకేతాలు పంపుతుంది. నాలుగోది ఉంటే, ఎంత వేగంగా తిరగాలో బోర్డు దాని మీదుగా ఆదేశిస్తుంది. మూడు పిన్నుల ఫ్యానును నాలుగు పిన్నుల చోట పెట్టవచ్చు. పక్కనున్న ప్లాస్టిక్ నాలుకే సరైన స్థానం చూపుతుంది.

మరో జాగ్రత్త ఋతువుకు సంబంధించింది. వానాకాలంలో గాలిలో తేమ వల్ల ఒంటి మీద స్థిర విద్యుత్తు నిలవదు. చలికాలపు పొడిగాలిలో ఉన్ని స్వెట్టరు వేసుకుని తిరిగితే చేరుతుంది. చురుక్కుమని మనకు తెలియాలంటే అది సుమారు 3,000 వోల్టులు ఉండాలి. అంతకన్నా ఎంతో తక్కువే చిప్ లోపలి సన్నని పొరలకు హాని చేయగలదు. అందుకే ప్రతిసారీ బోర్డును ముట్టుకునే ముందు క్యాబినెట్‌లోని రంగు వేయని ఇనుప భాగాన్ని తాకాలి. తీగ ఏదైనా పెట్టే ముందు, తీసే ముందు గోడ స్విచ్ ఆపాలి. కాపలాగా ఉండే ఆ 5 వోల్టులు గుర్తున్నాయి కదా! ఎస్ఎంపీఎస్ డబ్బాను మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ విప్పకూడదు. స్విచ్ ఆపిన తర్వాత కూడా దాని లోపల ప్రమాదకరమైన వోల్టేజి నిలిచి ఉంటుంది.

ఈ ఊరికి ఇది కొత్త కాదు

మధ్యాహ్నం భోజనాల దగ్గర బావగారు అడిగారు, "ఇంత తంటా ఎందుకు, కొన్నది కొన్నట్టు వాడుకోవచ్చు కదా?" అని.

కొన్నది కొన్నట్టు వాడుకునే వీల్లేని కాలంలోనే మన దేశానికి కంప్యూటర్ వచ్చింది, అదీ ఈ ఊరికే వచ్చింది. కోల్‌కతాలోని భారత గణాంక సంస్థలో 1955లో హెచ్ఈసీ-2ఎం అనే బ్రిటిష్ యంత్రాన్ని నెలకొల్పారు. దేశంలో మొదటి డిజిటల్ కంప్యూటర్ అదే. దాని జ్ఞాపకశక్తి ఒక తిరిగే డ్రమ్ము మీద ఉండే 1,024 పదాలు. ఈ సంస్థ ఇంజనీర్లే ఇంగ్లండు వెళ్లి దాని లోపలి సంగతులు నేర్చుకుని వచ్చి దాన్ని నిలబెట్టారు. ఆ అనుభవం వృథా పోలేదు. 1966 నాటికి అదే సంస్థ జాదవ్‌పూర్ విశ్వవిద్యాలయంతో కలిసి ఐఎస్ఐజేయూ-1 అనే ట్రాన్సిస్టర్ల కంప్యూటర్‌ను తయారుచేసింది. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో గణితం చదివి 1941లో ఆ సంస్థలో చేరిన సి.ఆర్.రావు గారు సుమారు నలభై ఏళ్లు పనిచేసింది కూడా అక్కడే. ఇటు హైదరాబాద్‌లో 1967లో మొదలైన ఈసీఐఎల్, టీడీసీ-12తో కంప్యూటర్ల తయారీ చేపట్టింది. తీగ తీగనూ తెలుసుకున్నవాళ్లే తర్వాత కొత్తది కట్టగలిగారు.

సాయంత్రం వాడు పక్క పలక మూయబోతూ ఆగాడు. ఫ్రంట్ ప్యానెల్ ప్లగ్గులన్నీ మళ్లీ తీసి, మాన్యువల్ చూసుకుంటూ ఒక్కొక్కటే ఏమిటో పైకి చెప్పుకుంటూ తనే పెట్టాడు. ఒక్కటీ తప్పలేదు. మొదటిసారి బిగించే ఎవరికైనా నేను చెప్పేదీ అదే వరుస: బోర్డును క్యాబినెట్‌లో బిగించగానే, గ్రాఫిక్స్ కార్డు లాంటి పెద్ద భాగాలు అడ్డం రాకముందే ఈ సన్న తీగలు పెట్టేయండి. ముందు ఫోనుతో హెడర్ ఫొటో తీసుకుని, పెద్దది చేసి మాన్యువల్ బొమ్మతో పోల్చుకోండి. అన్నీ పెట్టాక కూడా కంప్యూటర్ లేవకపోతే దుకాణానికి పరుగెత్తే ముందు గోడ స్విచ్, ఎస్ఎంపీఎస్ వెనకాల స్విచ్, తర్వాత ఆ రెండు పవర్ బటన్ పిన్నులు చూడండి.

వాడు పలక బిగించి, "నాన్నా, మీరు నొక్కండి" అన్నాడు. బావగారు కాసేపు మొహమాటపడి, లేచి వచ్చి నొక్కారు. ఫ్యాన్లు తిరిగాయి, దీపం వెలిగింది.

"ఈ దీపం తిరగేసి పెడితే వెలగదన్నారు కదా, ఎందుకని?" అని కొడుకునే అడిగారు. ఈసారి నేను మాట్లాడలేదు. వాడే చెప్పాడు.